రాయి తగలని నేల

మా లంకలో ఎంత తవ్వినా రాయి తగలదు.
ఒండ్రు, దాని కింద ఇసక, దాని కింద నీళ్ళు.
అలాంటిచోట ఇనుం సాగగొడతానని కూర్చున్నాను,
నలభై మూడేళ్ళదాన్ని,
పనసపొట్టు కొట్టి అంబాజీపేటలో అమ్ముకునేదాన్ని.

పాత కత్తి పిడి దగ్గర పుటుక్కుమంది.
బజార్లో కొన్నది మూడు కాయలకే మొద్దుబారింది.
లాకుల దగ్గర కొలిమి ఆరిపోయి ఆరేళ్ళు.
అక్కడిప్పుడు సెల్‌ఫోన్లకి అద్దాలతికిస్తున్నారు.

గనిశెట్టి సత్తిరాజు పాత సామాన్ల కొట్లో
తూచి ఇచ్చిన లారీ కమాను ముక్క,
రైలుపట్టా ముక్క మూరెడు,
మా మేనకోడలు జుట్టు ఆరబెట్టుకునే మిషను,
రెండు గోతాల కొబ్బరిచిప్పల బొగ్గు.
పటకారు లేదు, కుళాయి మేస్త్రీ పానా ఉంది.

పెరట్లో గొయ్యి తీసి లోపల ఒండ్రు మెత్తాను.
మొదటి దెబ్బకి కమాను వంగలేదు,
పట్టా ముక్కే బెత్తెడు దిగింది నేలలోకి.
రెండో దెబ్బకి ఇంకాస్త.
ఇనుముని కాదు, ఊరిని కొడుతున్నట్టుంది.
దడి అవతల్నించి నవ్వు:
మంగతాయారమ్మ, లాకుల కొలిమి వీరాచారి గారి భార్య.
"ముందో కొబ్బరిమొద్దు పాతవే తల్లీ,
మన నేల దెబ్బలు మింగేస్తుంది."

స్టూలేసుకుని కూర్చుంది,
ముప్పై ఏళ్ళు తిత్తి లాగిన చేతులు ఒళ్ళో పెట్టుకుని.
సుత్తి ఎప్పుడూ పట్టలేదట. ఆడాళ్ళు పట్టకూడదట.
మంటలోకి చూసి మాత్రం చెబుతుంది:
"ఇది దొండపండు, ఇప్పుడే కాదు...
ఉండు, ముద్దబంతి రానీ...
ఆఁ, తియ్యి, కొట్టు!
నల్లబడ్డాక ముట్టుకోకు. చల్లారిన ఇనుం పగబడుతుంది."

కొట్టాను. సుత్తి అంచు దిగినచోటల్లా నెలవంకలు.
మూడు రోజులకి తేలింది కత్తి కాదు,
ఎండిన మునక్కాయ.
అయిదో రోజు దాన్నే ఎర్రగా కాల్చి
కాలవనీళ్ళ బకెట్లో ముంచాను.
టింగ్.
గాజు చిట్లినంత చప్పుడు.
అంచు నుంచి వీపుదాకా వెంట్రుకంత గీత.

మంగతాయారమ్మ చాలాసేపు ఏమీ అనలేదు.
"ఆయన మొదటిదీ నీళ్ళలోనే పోయింది.
ఎవరికీ చెప్పలేదు.
తిత్తి దగ్గర నేనున్నాను గనక నాకు తెలుసు."

రెండోది.
పగిలిన స్పీకరు అయస్కాంతాన్ని దారానికి కట్టి వేలాడదీశాను.
కాగిన ఇనుం దాన్ని ఎరగనట్టు ఊరుకోగానే
గోరువెచ్చని కొబ్బరినూనెలో దించాను.
పొగ. మాడిన తలంటు వాసన.
టింగ్ రాలేదు.
రాని ఆ చప్పుణ్ణి ఇద్దరం కాసేపు విన్నాం.

ఆకురాయితో ఒక పక్క మెరిపించాను.
(మా ఇంట్లో ఉన్న రాయి అదొక్కటే.
పేరుకే రాయి, అదీ ఇనుమే.)
తర్వాత మూకుడులో వేడి ఇసక మీద పెట్టి
రంగు పాకేదాకా చూడమంది.
కోతకొచ్చిన వరిరంగు దగ్గర ఆపాలి.
అది దాటి నెమలికంఠం వచ్చిందా,
ఇక పొట్టుకి పనికిరాదు.
చూపు తిప్పకుండా కూర్చున్నాను.
పాలు పొంగుతాయని అరిచినా లేవలేదు.

చింతచేవ పిడి, రెండు రాగి మేకులు.
అరచేతులకి నూనె రాసుకుని
లేతకాయని ఒళ్ళో పెట్టుకుని మొదలెట్టాను.
కత్తి ఎడమకి లాగుతుంది.
నేను కుడికి సర్దుకుంటున్నాను.
"ఇవాళ పొట్టు కాస్త లావుందేం?" అంది ఒకామె, బేరానికి.
"చెయ్యి కుదురుకోవాలమ్మా" అన్నాను.
ఎవరి చెయ్యో చెప్పలేదు.

సాయంత్రం మంగతాయారమ్మ దడి దాటొచ్చింది.
కత్తి అటూ ఇటూ తిప్పింది, గోటి మీద ఆనించి చూసింది,
పక్కన పెట్టేసింది.
"ఆ సుత్తి ఒకసారి ఇలా ఇయ్యి."

ఇచ్చాను.
ఒక్కటే దెబ్బ.
ఉత్త పట్టా మీద, చల్లటి దాని మీద,
కాలవ అవతలి గట్టుకి వినపడేలా.

"ఇంతేనా బరువు!" అంది.